సిమ్యులేటర్‌లో నడిచే ప్రోగ్రామ్‌కి సిస్టమ్ కాల్స్ అందించడం ఎలా?

భీమవరం, కాకినాడ, అమలాపురం కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. "రిస్క్-ఫైవ్ సిమ్యులేటర్ రాశామండీ, కూడికలు, లూపులు అన్నీ నడుస్తున్నాయి, ప్రింట్‌ఎఫ్ దగ్గర ఆగిపోతోంది." కొన్నాళ్లకి అదే పిల్లల దగ్గర్నుంచి రెండోది: "ప్రింట్‌ఎఫ్ వచ్చిందండీ, కానీ లాగ్ ఫైల్లో రాసుకున్నదంతా తుడిచిపెట్టుకుపోయింది." ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా మొత్తం పని ఒకచోట పెడితే అందరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

సిద్ధాంతం ఇక్కడ చాలా కొంచెం. రిస్క్-ఫైవ్ అనేది ఒక రకం ప్రాసెసర్, సిమ్యులేటర్ అంటే ఆ చిప్‌లా నటించే ప్రోగ్రామ్. మీ ల్యాప్‌టాప్ హోస్ట్. మీ సిమ్యులేటర్ నటిస్తున్న చిప్ టార్గెట్. టార్గెట్‌కి తెర లేదు, డిస్క్ లేదు. దాని మీద నడిచే ప్రోగ్రామ్ "ఈ అక్షరాలు చూపించు" అనో "ఈ ఫైల్ తెరువు" అనో అడిగినప్పుడు, ఆ పని హోస్ట్ చేసిపెట్టి జవాబు టార్గెట్ రిజిస్టర్‌లో పెట్టాలి. ఇలా అడగడాన్నే సిస్టమ్ కాల్ అంటారు. ధవళేశ్వరం లాకులోకి వచ్చిన పడవ ఆగి, తలుపులు మూసుకుని, నీటిమట్టం సరిచేశాకే అవతలి కాలవలోకి వెళ్తుంది కదా, ఇదీ అంతే. మధ్యలో మట్టం సరిచెయ్యకుండా తలుపు తీస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. టార్గెట్ ఇచ్చిన అడ్రస్, ఫైల్ నంబర్, ఫ్లాగ్, స్ట్రక్చర్, ఎర్రర్ కోడ్, వీటిలో ఏ ఒక్కటీ ఉన్నదున్నట్టు హోస్ట్‌కి ఇవ్వకూడదు, హోస్ట్ ఇచ్చింది టార్గెట్‌కీ ఇవ్వకూడదు. కింద చెప్పే అడుగులన్నీ ఈ మార్పిడి కోసమే.

ఉదాహరణకి మన చుట్టుపక్కల ఎక్కువగా చేసే ప్రాజెక్టే తీసుకుందాం: రొయ్యల చెరువులో కరిగిన ఆక్సిజన్ చూసి ఏరియేటర్ ఆన్ చేసే కంట్రోలర్. తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి రాత్రంతా రీడింగులు లాగ్ ఫైల్లో చేర్చుకుంటూ పోవాలి. లాబ్‌లో బోర్డు ఒకటి, పిల్లలు పదిమంది ఉన్నప్పుడు ఇలాంటి ఫర్మ్‌వేర్‌ని సిమ్యులేటర్ మీద ఇంట్లోనే నడిపి చూసుకోవచ్చు.

కొందరు సీలో, కొందరు సీ ప్లస్ ప్లస్‌లో, కొందరు పైథాన్‌లో సిమ్యులేటర్ రాస్తున్నారు. అందుకని అడుగులు మాటల్లోనే చెబుతున్నాను, కోడ్ మీ భాషలో మీరు రాసుకోండి.

కావలసినవి

- 32-బిట్ రిస్క్-ఫైవ్ ఇన్‌స్ట్రక్షన్లు నడిపే మీ సిమ్యులేటర్. గుణకార, భాగహార ఇన్‌స్ట్రక్షన్లు కూడా ఉంటే మంచిది.
- లినక్స్ ఉన్న ల్యాప్‌టాప్. విండోస్ వాళ్లు డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్‌లోనే లినక్స్ నడిపే సదుపాయం) పెట్టుకోండి. నేరుగా విండోస్ మీద చేస్తే ఫైల్‌ని బైనరీ మోడ్‌లో తెరవడం మరిచిపోకండి, లేకపోతే ప్రతి కొత్త లైన్ దగ్గరా ఒక బైట్ అదనంగా చేరుతుంది.
- న్యూలిబ్‌తో (చిన్న చిప్‌ల కోసం చేసిన సీ లైబ్రరీ) కట్టిన రిస్క్-ఫైవ్ జీసీసీ కంపైలర్. లినక్స్ టార్గెట్ కోసం చేసిన కంపైలర్ కాదు, బేర్‌మెటల్‌ది, అంటే ఓఎస్ లేని చిప్ కోసం చేసినది. డిస్ట్రో ప్యాకేజీల్లో కొన్నిసార్లు కంపైలర్ మాత్రమే ఉండి సీ లైబ్రరీ విడిగా ఉంటుంది. స్టాండర్డ్ ఐఓ హెడర్ దొరకలేదని ఎర్రర్ వస్తే కారణం అదే.
- ఆబ్జ్‌డంప్, రీడ్‌ఎల్ఫ్ (కంపైలైన ఫైల్ లోపల చూడ్డానికి), ఎస్‌ట్రేస్ (ఒక ప్రోగ్రామ్ లినక్స్‌ని అడిగే కాల్స్ చూడ్డానికి).

1. ముందు ట్రేస్ రాయండి, తర్వాతే కాల్స్

చాలామంది నేరుగా రైట్ కాల్‌తో మొదలుపెడతారు. అలా కాకుండా ఈకాల్ (సిస్టమ్ కాల్ అడిగే ఇన్‌స్ట్రక్షన్) రాగానే కాల్ నంబర్, ఆరు ఆర్గ్యుమెంట్లు, పీసీ (ఇప్పుడు నడుస్తున్న ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్) విలువ ఒక ట్రేస్ ఫైల్లో రాసే కోడ్ మొదట పెట్టుకోండి. కాల్ చేశాక వచ్చిన జవాబు కూడా అదే లైన్‌లో పడాలి. ఈ ఒక్క పని వారం రోజుల తలనొప్పి తప్పిస్తుంది.

ఈకాల్ ఎన్‌కోడింగ్ హెక్స్ 00000073. కాల్ నంబర్ ఏ7 రిజిస్టర్‌లో, ఆర్గ్యుమెంట్లు ఏ0 నుంచి ఏ5 వరకు, జవాబు తిరిగి ఏ0లో. న్యూలిబ్‌తో కట్టిన మామూలు ప్రోగ్రామ్ అడిగే నంబర్లు ఇవి: క్లోజ్ 57, ఎల్‌సీక్ 62, రీడ్ 63, రైట్ 64, ఎఫ్‌స్టాట్ 80, ఎగ్జిట్ 93, గెట్‌టైమ్‌ఆఫ్‌డే 169, బీఆర్‌కే 214, ఓపెన్ 1024. కొన్నిచోట్ల ఓపెన్ బదులు ఓపెన్‌యాట్ 56 వస్తుంది. దానికి ఫోల్డర్ నంబర్ మొదటి ఆర్గ్యుమెంట్, కాబట్టి పాత్, ఫ్లాగ్, మోడ్ ఒక్కో స్థానం పక్కకి జరుగుతాయి.

ఒక హెచ్చరిక. టార్గెట్ మీద లినక్సో, మీ సొంత కెర్నలో నడుపుతుంటే ఈకాల్‌ని మీరు పట్టుకోకూడదు. అది టార్గెట్ కెర్నల్‌కి చెందిన ట్రాప్, ఆ కెర్నల్ తన ట్రాప్ రిజిస్టర్‌లో (ఎమ్‌టీవెక్, లినక్స్ అయితే ఎస్‌టీవెక్) చూపించే చోటికి వెళ్లాలి. జెమ్5 అనే సిమ్యులేటర్‌లో సిస్టమ్ కాల్ ఎమ్యులేషన్, ఫుల్ సిస్టమ్ అని రెండు మోడ్‌లు ఉండేది ఈ తేడా వల్లే. మనం ఇక్కడ చేస్తున్నది మొదటిది.

2. స్టాక్ పాయింటర్ మీరే పెట్టండి

రిస్క్-ఫైవ్ న్యూలిబ్ స్టార్టప్ కోడ్ స్టాక్ పాయింటర్‌ని తనంతట తాను పెట్టుకోదు. లోడ్ చేసినవాడు పెట్టి ఉంటాడని నమ్మి, స్టాక్ పైభాగంలో ఉన్న మొదటి 4 బైట్ల విలువని ఆర్గ్‌సీగా (ప్రోగ్రామ్‌కిచ్చిన ఆర్గ్యుమెంట్ల సంఖ్యగా) చదువుతుంది. మీరు పెట్టకపోతే ఎస్‌పీ (స్టాక్ పాయింటర్) సున్నాగా ఉండి మెయిన్ దాకా రాకముందే ప్రోగ్రామ్ పడిపోతుంది. మెమరీ చివర నుంచి కొంచెం కిందకి, 16తో భాగించబడే అడ్రస్ ఎస్‌పీలో పెట్టి, అక్కడ సున్నా రాయండి. ఆర్గ్‌సీ సున్నా అన్నమాట.

డిఫాల్ట్ లింకర్ స్క్రిప్ట్‌తో కోడ్ హెక్స్ 10000 దగ్గర మొదలవుతుంది. అంతకన్నా కింద ఉన్న అడ్రసులన్నిటినీ చెల్లనివిగా ఉంచండి. నల్ పాయింటర్ తప్పులు అక్కడే దొరికిపోతాయి.

3. పీసీని 4 జరపండి

"హలో అని ఆగకుండా వస్తూనే ఉందండీ" అనే వాళ్లందరికీ జవాబు ఇదే. కాల్ పూర్తయ్యాక పీసీని 4 బైట్లు ముందుకి జరపకపోతే అదే ఈకాల్ మళ్లీ నడుస్తుంది. కంప్రెస్డ్ ఇన్‌స్ట్రక్షన్లు ఉన్న ప్రోగ్రామ్‌లో కూడా ఈకాల్ ఎప్పుడూ 4 బైట్లే, 2 బైట్ల రూపం దానికి లేదు. మీ మెయిన్ లూప్ ఇప్పటికే పీసీ జరుపుతుంటే ఇక్కడ మళ్లీ జరపకండి. అలా చేస్తే ఈకాల్ తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ ఎగిరిపోతుంది, అది వెంటనే పట్టుబడదు కూడా.

4. అడ్రస్ మార్చండి, హద్దు చూడండి

టార్గెట్ ఇచ్చే పాయింటర్ మీ ల్యాప్‌టాప్ అడ్రస్ కాదు, మీ సిమ్యులేటర్ మెమరీ అర్రేలో ఒక స్థానం. ఒక ఫంక్షన్ రాసుకోండి: టార్గెట్ అడ్రస్, పొడవు ఇస్తే హోస్ట్ పాయింటర్ ఇవ్వాలి, హద్దు దాటితే ఏమీ ఇవ్వకూడదు. అన్ని కాల్స్ ఈ ఒక్క ఫంక్షన్ ద్వారానే మెమరీని తాకాలి.

హద్దు చూసే పద్ధతి జాగ్రత్త. అడ్రస్‌కి పొడవు కలిపి మెమరీ సైజుతో పోల్చడం తప్పు, 32 బిట్లలో కూడిక చుట్టు తిరిగి చిన్న సంఖ్య అయిపోతుంది. ముందు అడ్రస్ మెమరీలో ఉందో లేదో చూడండి, తర్వాత మిగిలిన చోటుతో పొడవుని పోల్చండి. చెల్లకపోతే ఏ0లో -14 (చెడ్డ అడ్రస్ అనే ఎర్రర్) పెట్టి పంపేయండి. సిమ్యులేటర్ కూలకూడదు, టార్గెట్ ప్రోగ్రామ్‌కి ఎర్రర్ అందాలి.

పాత్ లాంటి స్ట్రింగులకి పొడవు ముందే తెలీదు. సున్నా బైట్ దొరికేదాకా ఒక్కో బైట్ చదువుతూ వెళ్లండి, 4096 దగ్గర ఆపేయండి.

గుర్తు (ప్లస్, మైనస్) ఉన్న సంఖ్యల విషయం కూడా ఇక్కడే. టార్గెట్ 32 బిట్లు, హోస్ట్ 64. ఫైల్లో 10 బైట్లు వెనక్కి వెళ్లమని ఎల్‌సీక్‌కి -10 వస్తుంది. దాన్ని గుర్తు లేని సంఖ్యగా తీసుకుంటే 4294967286 అవుతుంది, అంటే 4 జీబీ ముందుకి. ముందు గుర్తున్న 32-బిట్ సంఖ్యగా మార్చి, ఆ తర్వాతే 64కి పెంచండి.

5. రైట్, ఎగ్జిట్

ఇప్పుడు 64, 93 రాయండి. అసెంబ్లీలో చిన్న ప్రోగ్రామ్ చేసి, సీ లైబ్రరీ లేకుండా, ఒక మాట చూపించి ముగించండి. ఆ మాట తెలుగులోనే పెట్టండి. "గోదావరి" చూడ్డానికి నాలుగు అక్షరాలే, యూనికోడ్‌లో ఏడు గుర్తులు, యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున 21 బైట్లు. రైట్ కాల్ ఏ0లో 21 తిరిగివ్వాలి. 4 గానీ 7 గానీ వస్తే మీరు ఎక్కడో బైట్లకి బదులు అక్షరాలు లెక్కపెడుతున్నారు. పైథాన్ వాళ్లకి ఇది ఎక్కువగా తగులుతుంది. తెర మీద మాట విరిగిపోయి, ప్రశ్నార్థకాలు కనిపిస్తే బఫర్ సగంలో తెగిందన్నమాట.

హోస్ట్ మీరు అడిగినన్ని బైట్లు రాయకపోవచ్చు, ముఖ్యంగా పైపులోకి పంపుతున్నప్పుడు. ఎన్ని రాసిందో అదే సంఖ్య టార్గెట్‌కి ఇవ్వండి, అడిగిన సంఖ్య కాదు.

సిమ్యులేటర్ సొంత ప్రింట్‌ఎఫ్‌లు, టార్గెట్ రైట్‌లు వరస తప్పి కలగాపులగంగా వస్తుంటే, టార్గెట్ రైట్ చేసే ముందు మీ స్టాండర్డ్ అవుట్‌పుట్‌ని ఫ్లష్ చేయండి. ఇంకా మంచిది, మీ సొంత మాటలన్నీ స్టాండర్డ్ ఎర్రర్‌కి పంపడం.

6. ఫైల్ నంబర్లకి సొంత పట్టిక

టార్గెట్ 3 అంటే హోస్ట్‌లో 3 కాదు. మీ ట్రేస్ ఫైలే హోస్ట్‌లో 3 అయ్యుండొచ్చు, టార్గెట్ దాంట్లో రాసేస్తుంది. టార్గెట్ నంబర్ నుంచి హోస్ట్ నంబర్‌కి చిన్న అర్రే పెట్టుకోండి, 0, 1, 2 ముందే నింపి ఉంచండి. ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు లైబ్రరీ 0, 1, 2లను మూసెయ్యమని అడగొచ్చు. అప్పుడు పట్టికలో గడి ఖాళీ చేసి సున్నా ఇవ్వండి, హోస్ట్‌లో మాత్రం మూయకండి. మూస్తే సిమ్యులేటర్ చివర్లో చూపించాల్సిన లెక్కలు మాయమైపోతాయి.

7. ఓపెన్ ఫ్లాగులు: ఫైల్ తుడిచిపెట్టే చోటు

దీని మీద కొంచెం ఎక్కువసేపు కూర్చుందాం, నష్టం జరిగేది ఇక్కడే.

న్యూలిబ్, లినక్స్ రెండూ ఒకే పేర్లు వాడతాయి గానీ వాటి వెనక సంఖ్యలు వేరు. హెక్స్‌లో:

- క్రియేట్: న్యూలిబ్‌లో 200, లినక్స్‌లో 40
- ట్రంకేట్: న్యూలిబ్‌లో 400, లినక్స్‌లో 200
- అపెండ్: న్యూలిబ్‌లో 8, లినక్స్‌లో 400
- ఎక్స్‌క్లూజివ్: న్యూలిబ్‌లో 800, లినక్స్‌లో 80

చదవడం 0, రాయడం 1, రెండూ 2, ఇవి మాత్రం రెండిట్లో ఒకటే. అదే మోసం చేస్తుంది. ఉన్న ఫైల్‌ని చదివి చూసి "ఓపెన్ పనిచేస్తోంది" అనుకుని ముందుకి వెళ్లిపోతారు.

ఇప్పుడు చెరువు లాగర్‌ని చూడండి. రీడింగ్ చేర్చడానికి ప్రోగ్రామ్ ఎఫ్‌ఓపెన్‌ని "ఏ" మోడ్‌లో, అంటే ఉన్నదాని చివర చేర్చే మోడ్‌లో పిలుస్తుంది. న్యూలిబ్ దాన్ని రాయడం, క్రియేట్, అపెండ్ కలిపి హెక్స్ 209గా పంపుతుంది. మీరు అదే 209ని లినక్స్ ఓపెన్‌కి ఇచ్చారనుకోండి. లినక్స్ దృష్టిలో 200 అంటే ట్రంకేట్, 8కి అర్థం లేదు కాబట్టి వదిలేస్తుంది. అంటే ఫైల్ తెరిచిన క్షణంలోనే రాత్రంతా కూడబెట్టిన రీడింగులు పోయి, ఫైల్ సైజు సున్నా అవుతుంది. ఎర్రర్ ఉండదు. ప్రోగ్రామ్ తన ఒక్క లైను రాసి, అంతా సవ్యంగా జరిగిందనే చెబుతుంది.

"డబ్ల్యూ" మోడ్‌లో లక్షణం వేరు. అది 601గా వస్తుంది. లినక్స్‌కి అది రాయడం, ట్రంకేట్, అపెండ్. క్రియేట్ అందులో లేదు. ఫైల్ లేకపోతే ఎర్రర్ 2, అలాంటి ఫైల్ లేదని. "కొత్త ఫైల్ సృష్టించమంటే ఫైల్ లేదంటోంది" అని అడిగేవాళ్లది ఈ సమస్యే. పర్మిషన్లు మార్చి, ఫోల్డర్లు మార్చి చూస్తుంటారు. దానితో పని లేదు.

చేయాల్సింది: ఒక సున్నా ఫ్లాగ్‌తో మొదలుపెట్టి, వచ్చిన విలువలో చివరి రెండు బిట్లు చూసి చదవడమా రాయడమా తేల్చండి. తర్వాత ఒక్కో న్యూలిబ్ బిట్‌ని చూసి, దానికి సరిపడే హోస్ట్ ఫ్లాగ్‌ని హోస్ట్ హెడర్‌లోని పేరుతో కలపండి. హోస్ట్ వైపు సంఖ్యలు ఎప్పుడూ చేత్తో రాయకండి, పేర్లే వాడండి, అప్పుడు వేరే హోస్ట్ మీదకి మార్చినా నడుస్తుంది. మీకు తెలియని బిట్ మిగిలితే ఊరుకోకుండా ట్రేస్‌లో రాసి -22 (చెల్లని ఆర్గ్యుమెంట్) తిరిగివ్వండి.

ఈ మార్పిడి పెట్టేదాకా అసలు డేటా ఫైళ్ల మీద పరీక్షించకండి. నకలు తీసుకుని దాని మీదే ఆడండి.

8. ఎఫ్‌స్టాట్: ప్రింట్‌ఎఫ్ చివర్లో మాత్రమే రావడానికి కారణం

మొదటిసారి ప్రింట్‌ఎఫ్ పిలిచినప్పుడు న్యూలిబ్ ఎఫ్‌స్టాట్ చేసి, 1 అనేది టెర్మినలా ఫైలా అని చూస్తుంది. టెర్మినల్ అయితే లైనుకొకసారి బయటికి పంపుతుంది. కాకపోతే బఫర్ నిండేదాకా దాచుకుంటుంది. ఎఫ్‌స్టాట్‌కి మీరు తప్పు జవాబిస్తే ప్రింట్‌ఎఫ్‌లన్నీ ఎగ్జిట్ దాకా కనబడవు, మధ్యలో ప్రోగ్రామ్ కూలితే అసలు కనబడవు.

హోస్ట్ ఇచ్చిన స్టాట్ స్ట్రక్చర్‌ని మెమ్‌కాపీ చేసి పంపడం ఇక్కడ మామూలుగా జరిగే తప్పు. 64-బిట్ ఇంటెల్, ఏఎమ్‌డీ ల్యాప్‌టాప్ లినక్స్‌లో ఆ స్ట్రక్చర్ 144 బైట్లు. రిస్క్-ఫైవ్ అమరికలో 128. ఎక్కువైన 16 బైట్లు టార్గెట్ స్టాక్ మీద పడి, ఫంక్షన్ తిరిగి వెళ్లాల్సిన అడ్రస్‌నే చెరపొచ్చు. ఒకవేళ అది తప్పినా, మోడ్ (అది ఏ రకం ఫైలో చెప్పే ఫీల్డ్) ఉండే చోటు వేరు: ల్యాప్‌టాప్‌లో 24వ బైట్ దగ్గర, రిస్క్-ఫైవ్‌లో 16వ బైట్ దగ్గర. టార్గెట్ 16 దగ్గర చదివితే దొరికేది మోడ్ కాదు, లింకుల సంఖ్య. అది సాధారణంగా 1, టెర్మినల్ అని చెప్పే బిట్ అందులో ఉండదు. ఫైల్ సైజు మాత్రం రెండిట్లోనూ 48వ బైట్ దగ్గరే ఉంది. అందుకే సైజు చూసి సరిపోయిందనుకునే వాళ్లు మోసపోతారు.

పరిష్కారం: 128 బైట్లు సున్నాలతో నింపి, మోడ్‌ని 16 దగ్గర, లింకుల సంఖ్యని 20 దగ్గర, సైజుని 48 దగ్గర, బ్లాక్ సైజుని 56 దగ్గర ఒక్కొక్కటిగా రాయండి. మీ లైబ్రరీ హెడర్ తెరిచి ఈ స్థానాలు ఒకసారి సరిచూసుకోండి. టార్గెట్ బిగ్ ఎండియన్ (సంఖ్యలో పెద్ద విలువ బైట్‌ని ముందు పెట్టేది) అయితే ఒక్కో ఫీల్డ్‌లో బైట్లు కూడా తిప్పాలి, రిస్క్-ఫైవ్‌కి మామూలుగా ఆ అవసరం రాదు.

తొందరలో ఉంటే ప్రత్యామ్నాయం: 0, 1, 2లకి మోడ్‌లో క్యారెక్టర్ డివైస్ బిట్ మాత్రం పెట్టి, మిగతా అన్నీ సున్నాలుగా పంపండి. డెమో రోజుకి అది చాలు.

9. బీఆర్‌కే

మాలాక్‌కి మెమరీ ఇచ్చేది ఇదే. ఆర్గ్యుమెంట్ సున్నా అయితే ఇప్పటి హీప్ (మాలాక్ మెమరీ ఉండే చోటు) చివర అడ్రస్ ఇవ్వండి. లేకపోతే అడిగిన అడ్రస్ స్టాక్‌కి తగలకుండా ఉందేమో చూసి, ఉంటే అదే అడ్రస్ తిరిగివ్వండి. కుదరకపోతే పాత అడ్రస్ ఇవ్వండి, నెగటివ్ కాదు. సీ లైబ్రరీలో బీఆర్‌కే ఫంక్షన్ విజయానికి సున్నా ఇస్తుంది కదా అని ఇక్కడ సున్నా ఇస్తే లైబ్రరీ దాన్ని మెమరీ లేదనే అర్థం చేసుకుంటుంది. మొదటి విలువ ప్రోగ్రామ్ డేటా ముగిసే చోటు, ఎల్ఫ్ ఫైల్ (కంపైలైన ప్రోగ్రామ్ ఫైల్) నుంచి తీసుకోవాలి.

10. ఎర్రర్ కోడ్‌లు

కాల్ విఫలమైతే ఏ0లో నెగటివ్ ఎర్రర్ నంబర్ వెళ్లాలి. ఊరికే -1 పెడితే లైబ్రరీ దాన్ని ఎర్రర్ 1, అంటే అనుమతి లేదు, అని చదువుతుంది. 1 నుంచి 34 వరకు న్యూలిబ్, లినక్స్ నంబర్లు ఒకటే, మార్చక్కర్లేదు. ఆ పైన వేరైపోతాయి. "ఈ కాల్ లేదు" అనేది లినక్స్‌లో 38, న్యూలిబ్‌లో 88. "పేరు మరీ పొడుగు" అక్కడ 36, ఇక్కడ 91. చిన్న స్విచ్ రాసి తెలిసినవి మార్చండి, తెలియనివి 5గా (ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్) పంపండి.

హోస్ట్ ఎర్రర్‌ని కాల్ అయిన వెంటనే ఒక వేరియబుల్‌లో దాచుకోండి. మధ్యలో మీ ట్రేస్ కోడ్ ఫైల్లో రాస్తే ఎర్ర్‌నో (హోస్ట్ ఎర్రర్ నంబర్ ఉండే వేరియబుల్) మారిపోయే అవకాశం ఉంది.

11. ఫైళ్లకి హద్దు కట్టండి

ఎవరో ఇచ్చిన ప్రోగ్రామ్‌ని నడిపితే అది మీ హోమ్ ఫోల్డర్ మొత్తం తెరవగలదు. సిమ్యులేటర్‌లో నడుస్తోందిలే అని నిశ్చింతగా ఉండకండి. ఫైల్ తెరిచేది హోస్ట్, మీ పేరు మీద. లాబ్ కంప్యూటర్లో ఇది ఇంకా ముఖ్యం. ఒక ఫోల్డర్ కేటాయించి, స్లాష్‌తో మొదలయ్యే పాత్‌లనీ, రెండు చుక్కలున్న పాత్‌లనీ తిప్పికొట్టండి. సింబాలిక్ లింకుల దొంగదారి కూడా మూయాలంటే, లినక్స్ 5.6 నుంచి వచ్చిన ఓపెన్‌యాట్2లో రిజాల్వ్ బినీత్ అనే ఫ్లాగ్ ఉంది, అది వాడండి.

సరిగ్గా పనిచేస్తోందని ఎలా తేల్చుకోవాలి?

ఎగ్జిట్ కోడ్‌తో మొదలుపెట్టండి. మెయిన్ నుంచి 7 తిరిగిచ్చి, షెల్‌లో చివరి ఎగ్జిట్ కోడ్ చూడండి, 7 రావాలి. 300 ఇస్తే 44 వస్తుంది, అది తప్పు కాదు, షెల్‌కి చివరి 8 బిట్లే అందుతాయి.

తర్వాత లాగ్ పరీక్ష. 5.8, 4.1, 3.2 అని మూడు లైన్లున్న ఫైల్ చేతితో తయారుచేయండి. టార్గెట్ ప్రోగ్రామ్ అపెండ్‌లో తెరిచి 2.9 అని ఒక లైన్ చేర్చాలి. బయట లైన్లు లెక్కపెడితే 4 రావాలి. 1 వస్తే 7వ అడుగు మళ్లీ చదవండి. ఫైల్ తీసేసి మళ్లీ నడపండి, కొత్త ఫైల్ పుట్టి అందులో ఒక్క లైన్ ఉండాలి. ఈ రెండూ పాసైతే ఫ్లాగుల పని అయినట్టే.

మూడోది చెడ్డ పాయింటర్లు. రైట్‌కి బఫర్ అడ్రస్ సున్నా ఇవ్వండి, మెమరీ చివరి బైట్ దగ్గర 100 బైట్లు అడగండి, పొడవు హెక్స్ ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్ ఇవ్వండి. మూడిట్లోనూ -14 రావాలి, సిమ్యులేటర్ నిలబడాలి.

చివరిగా మొత్తం సిమ్యులేటర్‌ని ఎస్‌ట్రేస్ కింద నడిపి, దాని అవుట్‌పుట్‌ని మీ ట్రేస్ పక్కన పెట్టుకుని చూడండి. మీ ట్రేస్‌లో ఓపెన్ 209 ఉన్నచోట ఎస్‌ట్రేస్‌లో రైట్ ఓన్లీ, క్రియేట్, అపెండ్ అని పేర్లు కనబడాలి. అక్కడ ట్రంకేట్ అని ఉంటే పాత రీడింగులు పోయినట్టే. నా లెక్కలో ఈ పోలిక ఒక్కటే మిగతా పరీక్షలన్నిటికన్నా ఎక్కువ తప్పులు పట్టిస్తుంది.

లక్షణం చూసి కారణం

- ఒక్కో అక్షరానికి విడివిడిగా రైట్ వస్తోంది: బఫర్‌కి మెమరీ దొరకలేదు, బీఆర్‌కే చూడండి.
- పైపులోకి పంపితే అవుట్‌పుట్ లేదు, టెర్మినల్‌లో ఉంది: ప్రోగ్రామ్ ఎగ్జిట్ దాకా చేరడం లేదు, బఫర్‌లో ఉండిపోయింది. ట్రేస్ చివరి లైన్‌లో 93 ఉందో లేదో చూడండి.
- రీడ్ దగ్గర అంతా ఆగిపోయింది: హోస్ట్ కీబోర్డ్ కోసం ఎదురుచూస్తోంది. పరీక్షలకి ఇన్‌పుట్‌ని ఫైల్ నుంచి ఇవ్వండి.
- నడిపిన ప్రతిసారీ ఫలితం వేరుగా ఉంది: టైమ్ కాల్ హోస్ట్ గడియారాన్ని చూస్తోంది. నడిచిన ఇన్‌స్ట్రక్షన్ల లెక్క నుంచి సమయం తయారుచేసి ఇవ్వండి, అప్పుడు అదే ఇన్‌పుట్‌కి అదే ఫలితం వస్తుంది.

మీ టార్గెట్ ఆర్మ్ అయితే

కార్టెక్స్-ఎమ్ బోర్డుల ప్రోగ్రామ్‌లు ఎక్కువగా సెమీహోస్టింగ్ (ఇదే పనికి ఆర్మ్ వైపు ఉన్న పద్ధతి) వాడతాయి. అక్కడ ఈకాల్ బదులు బ్రేక్‌పాయింట్ ఇన్‌స్ట్రక్షన్, దాని సంఖ్య హెక్స్ ఏబీ. పని నంబర్ ఆర్0 రిజిస్టర్‌లో ఉంటుంది, ఆర్1 చాలా పనులకి ఆర్గ్యుమెంట్లున్న బ్లాక్ అడ్రస్‌ని చూపిస్తుంది. ఓపెన్ 1, క్లోజ్ 2, రైట్ 5, రీడ్ 6, ఎగ్జిట్ హెక్స్ 18. బ్లాక్‌ని కూడా 4వ అడుగులోని ఫంక్షన్ ద్వారానే చదవండి, దానిలోపలి పాయింటర్‌ని మళ్లీ విడిగా మార్చండి. రెండు అంచెలు.

రైట్ జవాబు దగ్గర తడబడకండి. ఈ పద్ధతిలో రైట్ తిరిగిచ్చేది రాసిన బైట్ల సంఖ్య కాదు, రాయకుండా మిగిలిపోయిన బైట్ల సంఖ్య. "గోదావరి" మొత్తం రాస్తే 21 కాదు, సున్నా రావాలి. రిస్క్-ఫైవ్ కోడ్‌ని కాపీ చేసి ఇక్కడ పెడితే, ఒక్క బైట్ కూడా వెళ్లలేదనుకుని లైబ్రరీ ఎర్రర్ ఇస్తుంది. ఓపెన్‌లో మోడ్ కూడా ఫ్లాగులుగా కాక 0 నుంచి 11 వరకు ఒక సంఖ్యగా వస్తుంది: 0 చదవడం, 4 "డబ్ల్యూ", 8 "ఏ", మధ్యలోవి వాటికి బైనరీ, ప్లస్ రూపాలు. దీనికి పన్నెండు గడుల పట్టిక ఒకటి రాసుకుంటే చాలు, పై లాగ్ పరీక్ష దీని మీద కూడా అదే వరసలో నడపండి.